వీధిబడి యిసుకయు, అక్షరము పట్టుబడని బిడ్డయు

తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతములలో బిడ్డకు అయిదవయేడు వచ్చునప్పటికి మంచి దినము చూచి, పళ్లెరములో బియ్యము పోసి, వ్రేలు పట్టి ఓనమాలు వ్రాయించుట నేటికిని జరుగుచున్నది. ఆనాడు బిడ్డలందఱును సమానులే. వ్రేలు నడపువారు పెద్దలు. బిడ్డ చేయవలసిన పని కుదురుగా కూర్చుండుట మాత్రమే. పలకలు, బలపములు పంచిపెట్టుదురు. పప్పుబెల్లములు తిని అందఱును ఇండ్లకు పోవుదురు. ఆఱు నెలలు గడచిన పిమ్మట అసలు సంగతి బయటపడును. తరగతిలో నొకరో యిద్దఱో బిడ్డలు, కన్నులు చక్కగా కనబడుచున్నను, చెవులు చక్కగా వినబడుచున్నను, మాటలలో నెవరికిని తీసిపోకున్నను, అక్షరమునొద్ద మాత్రము ఆగిపోవుదురు. నిన్న గుర్తుపట్టిన 'ప' నేడు 'వ' యగును. గుణింతము నోటికి వచ్చును గాని, పలకమీద అదే గుణింతము క్రొత్తముఖము పెట్టును.

అట్టి బిడ్డకు పెట్టుటకు మనకు పేళ్ల కొదువ లేదు. మొద్దు, శుంఠ, మట్టిబుఱ్ఱ, చదువు అబ్బనివాడు! పేరు పెట్టుట తేలిక. ఆ బిడ్డకు చేయవలసినదేమి యను ప్రశ్నకు మాత్రము మన పాఠశాలల చరిత్రలో చాలకాలము సమాధానము కానరాదు. ఉన్న కొంచెమును మనము గుర్తింపక పోగొట్టుకొంటిమని మా యభిప్రాయము. ఏ విధముగా పోగొట్టుకొంటిమో యించుక వెనుకకు పోయి చూతము.

మద్రాసు గవర్నరు సర్ థామస్ మన్రో 1822లో రాజధానియందలి దేశీయ పాఠశాలల లెక్కలు పంపుడని కలెక్టర్లకు ఉత్తరువు చేసెను. గుంటూరుజిల్లా లెక్కలో 574 పాఠశాలలు కనబడినవి. మేము చెప్పుచున్న మూడూళ్ల సీమయు నాడు ఆ జిల్లాలోనిదే. అయితే బడిలోపలి సంగతులను కన్నులకు కట్టినట్లు వ్రాసినవాడు బళ్లారి కలెక్టరు ఏ. డి. కాంబెల్. తెలుగుభాషకు ఇంగ్లీషులో వ్యాకరణము వ్రాసి 1816లో ప్రకటించిన కాంబెల్ ఇతడే. బళ్లారిజిల్లాలోని 533 బడులలో 226 తెలుగుబడులు గనుక, 1823 ఆగస్టులో అతడు వ్రాసిపంపిన చిత్రము మన సీమ బడులకును చాలవఱకు సరిపోవునని మేము తలంచుచున్నాము.

ఆ బడి ఉదయము ఆఱుగంటలకే మొదలు. అందఱికంటె ముందు వచ్చిన పిల్లవాని అఱచేతిలో సరస్వతి పేరు వ్రాయుదురు. రెండవవాని చేతిలో సున్న చుట్టుదురు. వానికి మెప్పును లేదు, తప్పును లేదు. మూడవవానికి మెల్లగా నొక దెబ్బ, నాలుగవవానికి రెండు, ఆ పిమ్మట వచ్చిన ప్రతివానికిని ఒక్కొక్క దెబ్బ యధికము. చదువని పిల్లవానిని బెత్తముతో కొట్టుదురు. రెండు చేతులును కట్టి ఇంటికప్పునకు వ్రేలాడదీయుదురు. లేదా ఊపిరి తిరుగకుండ గుంజీళ్లు తీయింతురు. ఆ వ్రేలాడదీయుటకు మన తాతలు 'కోదండము' అని రామునివింటి పేరు పెట్టుకొనిరి. ఇది యొక ప్రక్క.

రెండవ ప్రక్క కూడ కాంబెల్ వ్రాసినాడు. బడిలో చేరిన బిడ్డకు మొదట గంటమును లేదు, తాటాకును లేదు. నేలమీద ఇసుక పఱచి, దానిపై వ్రేలితో అక్షరము దిద్దింతురు. ఇసుకలో చేయి తిరిగినపిమ్మటనే ఆకుమీద గంటముతోనో, కాగితముమీద కలముతోనో వ్రాయు గౌరవము దక్కును. అక్షరము వ్రాయునప్పుడు నోటితో పలుకవలెను. చిన్నవారికి పాఠము చెప్పువారు పెద్దపిల్లలు. పెద్దపిల్లలకు చెప్పువాడు పంతులు. ఎవడే వరుసలో కూర్చుండవలెనో వాని చదువునుబట్టి నిర్ణయము గాని వాని వయస్సునుబట్టి కాదు. 'గుంట ఓనమాలు కూడ రావు' అని మనవారు నేటికిని ఎగతాళి చేయుదురు. ఆ పలుకుబడిలో ఆ బడి వాసన యింకను మిగిలియున్నది.

ఆ బడిని పొగడుట మా యుద్దేశము కాదు. ఆడుబిడ్డలలో బహుకొద్దిమందికి తప్ప దాని గడప తొక్కు భాగ్యము లేదు; అంటరానివారని దూరముంచిన కులముల బిడ్డలకు ఆ వీధిలోనికే ప్రవేశము లేదు. పిల్లలు వల్లించు పద్యములు వారికే తెలియని భాషలోనున్నవనియు, అది చిలుకపలుకు చదువనియు కాంబెల్ ఆనాడే యన్నాడు. అయినను ఆ యిసుకను గూర్చి యొక్కమాట చెప్పక తప్పదు. కంటితో మాత్రమే చూచిన యక్షరము జాఱిపోవు బిడ్డకు, వ్రేలు రాచుకొనుచు, చేయి యాడించుచు, నోట పలుకుచు నేర్చిన యక్షరము నిలిచియుండుట కవకాశ మెక్కువ. తప్పుపోయినచో అఱచేతితో చెఱపివేయవచ్చును. ఇసుకపై తప్పునకు గుర్తు మిగులదు. కాగితముపై ఎఱ్ఱసిరాతో కొట్టివేసిన తప్పు సంవత్సరమంతయు ఆ పుస్తకములోనే యుండును.

ఈ యిసుక విలువను మనకంటె ముందు ఒక పరదేశి గుర్తించినాడు. మద్రాసు ఎగ్మూరులో సైనికుల అనాథబాలుర శరణాలయమునకు ఆండ్రూ బెల్ అను మతాచార్యుడు 1789లో పెద్దయై వచ్చెను. ఒకనాడు దేశీయపు బడిలో పిల్లలు ఇసుకలో వ్రాయుట చూచి, తన శరణాలయములో చిన్నతరగతివారికి అటులనే నేర్పుమని యుపాధ్యాయుని కోరెను. ఉపాధ్యాయుడు అది తనవలన కాదనెను. అంతట బెల్ ఎనిమిదేండ్ల జాన్ ఫ్రిస్కిన్ అను పిల్లవానికి ఆ పని యప్పగించెను. పెద్దవానివలన కానిది చిన్నవానివలన అయ్యెను. 1797లో బెల్ దానినిగూర్చి లండనులో చిన్నపుస్తకము ప్రకటించినాడు. పిమ్మట అది 'మద్రాసు పద్ధతి' యను పేర ఇంగ్లండు బీదపిల్లల బడులన్నింట వ్యాపించెను. పంట మనది, పేరు వారిది యని యేడ్చుటకు ఈ సంగతి చెప్పుటలేదు. ఇసుకను వారు తీసికొనిపోయినను, మన యిసుక మనయొద్దనే యుండెను. దానిని పాఱబోసినవారము మనమే.

అది యెట్లు పోయెనో చెప్పవలెనన్న గ్రాంటు కథ చెప్పవలెను. 1854 నాటి ఉడ్ నివేదనపత్రము వెనుక ప్రైవేటుబడులకు సర్కారుధనము ఇచ్చు నేర్పాటులు కలిగెను. మద్రాసు రాజధానిలో ఆ ధనములో ఎక్కువపాలు పరీక్షాఫలితములకు ముడిపెట్టిరి. ఇన్‌స్పెక్టరు వచ్చి, పిల్లలను ఒక్కొక్కరిని నిలువబెట్టి, చదివించి, వ్రాయించి, లెక్కలడిగి, ఎందఱు నెగ్గినచో పంతులుకు అన్ని రూపాయలు. ఆ దినమున అక్షరము రాని బిడ్డ పంతులు దృష్టికి బిడ్డగా కనబడడు, నష్టముగా కనబడును. ఆకలిగొన్న పంతులును మేము తప్పుపట్టజాలము. ఏ బిడ్డపై శ్రమపడిన రూపాయి వచ్చునో ఆ బిడ్డపై శ్రమపడును. మిగిలినవానిని ఇన్‌స్పెక్టరు వచ్చునాటికి ఇంటనుండుమని పంపివేయును. ఇసుకలో నెమ్మదిగా దిద్దించుటకు ఓపిక యెవరికుండును? 1904లో కర్జను ప్రభుత్వము ఫలితములనుబట్టి ధనమిచ్చు పద్ధతిని ఖండించినది. పద్ధతి పోయినది గాని, అలవాటు పోలేదు. బాపట్లలో అమెరికన్ బాప్టిస్టు మిషనువారు ఉపాధ్యాయశిక్షణ పాఠశాలయే నడపిరి. అందు శిక్షణము పొంది యెందఱో మంచి యుపాధ్యాయులు మన గ్రామములకు వచ్చిరి. అయినను పరీక్షకు పనికిరాని బిడ్డకు వెనుకబల్ల యను నియమము మాఱలేదు.

ఫలిత మేమన, 1929లో హార్టాగ్ సంఘము వెలువరించిన యంకెలు చూడుడు. బ్రిటిషు ఇండియాలో 1922-23లో మొదటి తరగతిలోనున్న ప్రతి నూఱుమంది పిల్లలలో 1925-26 నాటికి నాలుగవతరగతిలో కనబడినవారు 18 మంది. తక్కిన 82 మంది యేమైరి? బీదతనమువలన మానినవారు కొందఱు, పొలముపనికి పోయినవారు కొందఱు, ఒకే తరగతిలో సంవత్సరముల తరబడి కూర్చున్నవారు కొందఱు. ఈ చివరివారికి సంఘము 'నిలిచిపోవుట' యని పేరు పెట్టినది. వారిలో ఎందఱికి అక్షరమే అడ్డమైనదో ఎవరును లెక్కింపలేదు. లెక్కించుటకు అట్టిది యొకటి యున్నదని మన దేశములో ఎఱిగినవారే యరుదు.

ఇంగ్లండులో మాత్రము అప్పటికే యెఱిగియుండిరి. 1896 నవంబరులో ప్రింగిల్ మోర్గన్ అను వైద్యుడు బ్రిటిషు వైద్యపత్రికలో పదునాలుగేండ్ల బాలునిగూర్చి వ్రాసెను. తెలివిగలవాడు, ఆటలలో చుఱుకైనవాడు, లెక్కలలో దిట్ట. ఏడేండ్లుగా చదువు చెప్పించినను చిన్నమాటలను సయితము చదువలేడు. చదువంతయు నోటితోనే చెప్పినచో బడిలో వానిని మించినవాడుండడని వాని యుపాధ్యాయుడే యనెనట. దానిని 'పుట్టుకతోనున్న పదాంధత్వము' అనిరి. నేడు 'డిస్లెక్సియా' యనుచున్నారు. వ్రాతలోను లెక్కలలోను కలుగు ఇట్టి యిబ్బందులనుగూడ చేర్చి 'అభ్యసన వైకల్యము' అనుచున్నారు. బుద్ధిమాంద్యము వేఱు, ఇది వేఱు. మనవారు రెంటిని కలిపి ఒకే గాటకట్టి 'మొద్దు' అనుటవలన ఎన్నో బ్రదుకులు చెడినవి.

నోటితో చెప్పినచో నేర్చు బిడ్డ యనగానే మాకు చిన్నయసూరి నీతిచంద్రిక జ్ఞప్తికి వచ్చును. 1853లో వెలసిన ఆ గ్రంథమున కథకు మూలమేమి? చదువురాని రాజకుమారులకు విష్ణుశర్మ చదువుచెప్పుట. ఆయన వారికి గుణింతము వల్లింపించినాడా? కోదండము వేయించినాడా? ఆఱు నెలలలో నీతిజ్ఞులను చేసెదనని పూని కాకుల కథలు, తాబేళ్ల కథలు, ఎలుకల కథలు చెప్పినాడు. అట్టి పుస్తకమును మన బడులలో బెత్తముచూపి కంఠస్థము చేయించిరి. ఆ కథ యెందుకు పుట్టినదో చెప్పిన పంతులును మా చిన్ననాట మేము చూడలేదు.

ఇసుక మరల మనయొద్దకు వచ్చినది. అదియు ఓడయెక్కి వచ్చినది. ఇటలీదేశపు వైద్యురాలు మరియా మాంటిసోరి మొదట రోములో మందబుద్ధులని విడిచిపెట్టిన బిడ్డలకు చదువు చెప్పినది. వారు నేర్చుకొనుట చూచి, ఇట్టివారే నేర్చుకొన్నప్పుడు ఆరోగ్యవంతులగు బిడ్డలను మనమెంత వెనుకకు పట్టియుంచుచున్నామో యని యాశ్చర్యపడి, 1907లో శిశుగృహము తెఱచెను. ఆమె ముఖ్యసాధనములలో నొకటి గరుకుకాగితముతో కత్తిరించి అట్టకు అంటించిన యక్షరము. బిడ్డ దానిపై వ్రేలు నడపి పలుకవలెను. 1939లో ఆమె మద్రాసు అడయారునకు వచ్చి ఉపాధ్యాయులకు తరగతులు నడపెను. యుద్ధము వచ్చి 1946 వఱకు మనదేశములోనే యుండవలసివచ్చెను. ఆ గరుకు అట్ట చూచి మనవారు క్రొత్తవింత యనుకొనిరి. తెలుగులో చలము, పాఠశాలల ఇన్‌స్పెక్టరు పనిచేసి బడులను లోపలినుండి యెఱిగినవాడు, 'బిడ్డల శిక్షణ' వ్రాసి కొట్టుటను తీవ్రముగా నిరసించినాడు. చలము కథలకు మండిపడినవారే యీ పుస్తకమును గూడ చదివియుండిన బాగుండెడిది.

మన లిపి సంగతియు కొంత చెప్పవలెను. ఇంగ్లీషులో 26 అక్షరములే, అయితే పలుకొకటి వ్రాతయొకటి. తెలుగులో వ్రాసినట్లే పలుకుదుము. ఇది మన బిడ్డకు మేలు. కాని రూపములు వందలు. యాబదియాఱక్షరములు, వాని గుణింతములు, వాని వత్తులు. అందును ప, వ, ష, మ, య లొక గుంపు. ద, ధ, థ లొక గుంపు. బ, భ లొక జంట. పొట్టలోని చుక్కయో, తలపైని కొమ్మో తప్ప భేదము లేదు. మనకు సోదరలిపియగు కన్నడముపై సోనాలీ నాగ్ 2007లో ప్రకటించిన పరిశోధనవలన తేలినదేమన, సామాన్యబిడ్డలకే ఈ యక్షరరూపములన్నియు పట్టుబడుటకు మూడు నాలుగేండ్లు పట్టునని. మన బడులలో మొదటితరగతి ముగియునప్పటికి వత్తులన్నియు రావలెనని యాశింతుము. ఒకేవారములో ప, వ, ష లను మూటిని వరుసగా నేర్పుట ఇట్టి బిడ్డకు మూడు కవలలను ఒకేమాఱు పరిచయము చేయుటవంటిది. ప నేర్పినపిమ్మట దాని పోలికలేని యక్షరములు నాలుగు నేర్పి, ప నిలిచినదని తోచినప్పుడు వ వద్దకు రావలెను.

రేపల్లె వైపు పల్లెలో మే మెఱిగిన యొక బాలుని సంగతి ఇచట వ్రాయుదుము. ఆఱేండ్లవాడు. తెనాలినుండి రేపల్లెకు పోవు రైలులో వేమూరు, పెనుమఱ్ఱు, భట్టిప్రోలు, పల్లికోన యని స్టేషనులను ముందుగానే చెప్పును; బల్లమీది పేరును మాత్రము చదువలేడు. చూచి వ్రాయుమన్న 'మ' ను తలక్రిందుగా వ్రాయును. అందుకు వాడు తిన్న దెబ్బలకు లెక్క లేదు. ఒక విశేషము. భట్టిప్రోలు స్తూపములో అలెగ్జాండర్ రీ 1892లో బయటికి తీసిన ధాతుకరండములపై లిపి తెలుగులిపికి పూర్వరూపములలో నొకటియని పండితులు చెప్పుదురు. అశోకుని బ్రాహ్మీలిపితో పోల్చిచూడగా అందలి 'మ' తలక్రిందుగా నున్నది. ఆ లేఖకుని ఎవరును గుంజీళ్లు తీయించలేదు. అదియొక లిపిభేదమని గ్రంథములు వ్రాసిరి. మా బాలునికి మాత్రము ఆ రైలుదారిలోనే దెబ్బలు.

మొదట వానిని కంటివైద్యుని యొద్దకును, చెవివైద్యుని యొద్దకును పంపితిమి. ఈ పని ముందు చేయవలెను. చూపు తక్కువై బల్ల కనబడని బిడ్డలు ఎందఱో మొద్దులనిపించుకొనుచున్నారు. రెండును బాగుగనేయున్నవని తెలిసినపిమ్మట వాని నాయనమ్మ పని మొదలుపెట్టినది. ఆమె చదివినది మూడవతరగతి. బాపట్లది ఇసుకనేల, రేపల్లెది నల్లనేల. కావున బాపట్లలోని చుట్టములయింటినుండి సంచెడు ఇసుక తెప్పించి పాతపళ్లెములో పోసినది. దినమునకు పావుగంట, అంతకు మించి లేదు. వారమునకు రెండక్షరములు. "నువ్వు పలుకు నాన్నా, వేలే రాసుద్ది" అనును. పాఠ్యపుస్తకములోని కథలను ఆమెయే చదివి వినిపించును. వాడు తిరిగి చెప్పును. బడిలో పదిమంది యెదుట వానిని నిలువబెట్టి చదివింపవద్దనియు, ప్రశ్నలు నోట నడుగుమనియు పంతులమ్మగారిని వేడుకొనిరి. ఆమె మంచిది, ఒప్పుకొన్నది. రెండేండ్లలో వాడు అక్షరములు గుర్తుపట్టి, కూడబలుకుకొని చదువుచున్నాడు. నెమ్మదిగానే. ఇసుకతో వాని వైకల్యము పోయినదని మేము చెప్పము. అది పోవునది కాదు. దారి యొకటి దొరకినది.

ఇక చట్టములు. 1995 నాటి వికలాంగుల చట్టములో ఏడు వైకల్యములే యున్నవి. వానిలో ఇది లేదు. 2009 నాటి విద్యాహక్కు చట్టము బడిలో కొట్టుటను, మనస్సు నొప్పించుటను నిషేధించెను. కోదండమునకు కాగితముమీదనైనను అది ముగింపు. 2016 నాటి చట్టము వైకల్యములను 21 చేసి అభ్యసన వైకల్యమును చేర్చినది. దానిని వీలయినంత త్వరగా కనిపెట్టి తగిన బోధన చేయుట బడి విధియని 16వ సెక్షను చెప్పును. పరీక్షలో అధికసమయము, వ్రాసిపెట్టు మనిషి, రెండవ మూడవ భాషలనుండి మినహాయింపు మొదలగునవి 17వ సెక్షనులో కలవు. అయిదేండ్లకొకమాఱు బడిపిల్లలను పరిశీలింపవలెననియు నున్నది. మన రాష్ట్రములో మండలములలో 'భవిత' కేంద్రములు వెలసినవి. అందు ప్రత్యేకశిక్షణ గల ఉపాధ్యాయులను నియమించిరి.

అయితే 2018 జనవరిలో కేంద్రప్రభుత్వము వెలువరించిన మార్గదర్శకములలో ఈ వైకల్యమునకు ధ్రువపత్రము ఎనిమిదేండ్లు నిండినపిమ్మటనే యని వ్రాసిరి. అందుకు కారణము లేకపోలేదు. ఆఱేండ్ల బిడ్డ ఆలస్యముగా నేర్చుచున్నాడా, నేర్వలేకున్నాడా యని తేల్చుట నిపుణులకును కష్టమే. కాని ఓనమాలు అయిదవయేట, పత్రము ఎనిమిదవయేట. నడుమనున్న మూడేండ్లు ఎవరివి? బిడ్డ తాను మొద్దునని నమ్ముట ఆ మూడేండ్లలోనే నేర్చుకొనును. అది మాత్రము త్వరగా వచ్చును. ఎవరును దిద్దింప నక్కఱలేదు. ఇసుకపళ్లెమునకు, నోటిపాఠమునకు, పదిమందిలో చదివింపకుండుటకు ఏ పత్రమును అవసరములేదు. బిడ్డకు వైకల్యమే లేదని తరువాత తేలినను వానివలన నష్టము లేదు. ఈ మాటను అంగనవాడిలోను, మొదటి రెండు తరగతులలోను పనిచేయువారు మనస్సున నుంచుకొనవలెనని మా ప్రార్థన.

మే మెఱిగిన బాలునికి మొన్న ఎనిమిదేండ్లు నిండినవి. పరీక్షచేయించి పత్రము తెచ్చుకొన్నచో పైతరగతులలో అధికసమయము దొరకునని తండ్రి యనును. తల్లికి మనస్సొప్పుటలేదు. "ఆ కాగితం వాడి పేరున పడితే రేపు నలుగురూ ఏమంటారండీ? ఇప్పుడిప్పుడే చదువుతున్నాడు గదా" అని మమ్మడిగినది. పత్రము తెచ్చుకొనుటయే మేలని మేము చెప్పితిమి. నాయనమ్మ మాత్రము ఏమియు ననక ఇసుక జల్లించుచు కూర్చున్నది. ఇది వ్రాయునాటికి వారింట ఆ మాట తెగలేదు.